ఎదురుకాళ్ళ బిడ్డ – కాన్పుకు ఏది మేలు?

(మన సంఘం మహిళా విభాగం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆనాడు సమావేశంలో మాట్లాడిన మాటలను ఉగాది సంచికకు వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. నోటితో చెప్పిన దానిని కొంచెం సర్ది ఇక్కడ ఇస్తున్నాము.

మొదటే ఒక మాట మనవి చేసుకోవాలి. మేము వైద్యులము కాము. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం, చదువు మెట్రిక్యులేషన్. అట్టివారికి కాన్పుల గొడవ దేనికని ఆ రోజు పిన్నమ్మలు కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వవలసిన సంగతే. కాని ఆపరేషను కాగితం బయటకు వచ్చినప్పుడు నర్సమ్మ కేక వేసేది మగవారి కోసమే గదా! నిజానికి ఆ సమ్మతి ఇవ్వవలసినది తల్లి. పక్కన నిలబడేవారికి ఆ కాగితంలో ఏమున్నదో తెలిసి ఉంటే ఆమెకు ధైర్యంగా ఉంటుంది. చదవని కాగితం మీద సంతకం పెట్టటం గుమాస్తా లక్షణం కాదు. అందుచేత మా ఇంట ఇటువంటి కాన్పు వచ్చినప్పుడు డాక్టరమ్మగారిని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

బిడ్డ కడుపులో సామాన్యంగా తల క్రిందికి పెట్టుకుని ఉంటుంది. కొందరు మాత్రం పిరుదులో, పాదాలో క్రిందికి పెట్టి, తల పైన ఉంచుకుంటారు. దీనినే మనవాళ్ళు ఎదురుకాళ్ళు అంటారు. ఏడవ నెల మొదట్లో, అంటే 28 వారాల వద్ద, 100 మందిలో సుమారు 20 మంది బిడ్డలు ఇట్లాగే ఉంటారు. అప్పుడు కంగారు పడనక్కరలేదు. చాలామంది తమంతట తామే తిరుగుతారు. నెలలు నిండేనాటికి 100కు 3 లేక 4 మాత్రమే మిగులుతారు. మన ప్రసంగం ఆ ముగ్గురు నలుగురి సంగతే.

ఎదురుకాళ్ళతో పుట్టినవారు కాలితో తాకితే నడుము పట్టు వదులుతుందని మనలో ఒక నమ్మకం ఉన్నది. మా చిన్నతనంలో అటువంటి ముసలాయన ఒకరి ఇంటిముందు నడుము పట్టినవారు బారులు తీరటం చూశాము. నడుము సంగతి ఎట్లున్నా, ఆ గౌరవంలో ఒక సత్యం దాగి ఉన్నది. ఆ రోజులలో అట్లా పుట్టి బ్రతికి బట్ట కట్టినవారు అరుదు. అరుదైన వానికే మనుషులు మహిమ అంటగడతారు.

అపాయం ఎక్కడ వస్తుంది? బిడ్డ శరీరంలో అన్నిటికంటె పెద్దదీ గట్టిదీ తల. తల ముందు వచ్చినప్పుడు గంటల తరబడి నెమ్మదిగా దారి సర్దుకుంటుంది. ఆ వెనుక శరీరం సులువుగా జారి వస్తుంది. ఎదురుకాళ్ళప్పుడు మెత్తని భాగం ముందు వచ్చి, తల చివర మిగులుతుంది. దారి చాలుతుందో లేదో తేలేది ఆఖరి నిమిషాలలో. ఆ నిమిషాలలోనే బొడ్డుతాడు తలకూ ఎముకకూ మధ్య నలిగి బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. పాదాలు ముందున్న బిడ్డకైతే ఉమ్మనీరు పోగానే బొడ్డుతాడు జారి బయటకు వచ్చే భయం కూడా ఎక్కువ.

మా రైల్వేలో కొలత మించిన సరుకు అని ఒకటి ఉన్నది. అటువంటి వాగను కదిలేముందు దారిలోని వంతెనలూ ప్లాట్‌ఫారాలూ దానికి చాలుతాయో లేదో లెక్కలు చూసి అనుమతి ఇస్తారు. వంతెన క్రిందకు వచ్చాక కొలుద్దామని ఎవ్వరూ అనరు. ఎదురుకాళ్ళ బిడ్డ విషయంలో మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట కూడా ఇదే. ముందుగా తెలిసిన ఎదురుకాళ్ళు వేరు, నొప్పులు వచ్చాక తెలిసిన ఎదురుకాళ్ళు వేరు. కోతా, సహజమా అన్న ప్రశ్న ఆ తరువాతది.

ఇక ఆ ప్రశ్నకే వద్దాము. పూర్వం అందరూ సహజంగానే కనేవారు. బిడ్డ తలను క్షేమంగా బయటకు తేవటానికి ఎన్నో హస్త కౌశలాలు పుట్టాయి. 17వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు మోరిసో పేరా, 20వ శతాబ్దపు నార్వే వైద్యుడు లోవ్‌సెట్ పేరా ఉన్న పద్ధతులను నేటికీ వైద్య విద్యార్థులకు నేర్పుతారు. పెద్ద ఆపరేషను నిరపాయం అయ్యేకొలదీ ఆలోచన మారింది. 1959లో అమెరికా వైద్యుడు రైట్, నెలలు నిండిన ఎదురుకాళ్ళ బిడ్డలందరినీ ఆపరేషనుతోనే తీయాలని వాదించాడు. నలభై ఏళ్ళు వాదోపవాదాలు సాగాయి.

2000 సంవత్సరంలో కెనడా దేశపు టొరంటో నగరం నుండి డాక్టర్ మేరీ హన్నా బృందం పెద్ద పరిశోధన ఒకటి లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. 26 దేశాలు, 121 ఆసుపత్రులు, 2,088 మంది తల్లులు. సగం మందికి ముందే నిర్ణయించిన ఆపరేషను, సగం మందికి సహజ ప్రసవ ప్రయత్నం. బిడ్డ చనిపోవటం గాని, పుట్టిన తొలి రోజులలో తీవ్రమైన బాధకు లోనుకావటం గాని ఆపరేషను వర్గంలో 100కు 1.6, సహజ వర్గంలో 100కు 5. అప్పటికి తల్లుల క్షేమంలో రెండు వర్గాలకూ పెద్ద తేడా కనబడలేదు. ఈ వార్త వచ్చాక హాలెండులో రెండు నెలలలోనే ఎదురుకాళ్ళ ఆపరేషనులు 100కు 50 నుండి 80కి పెరిగాయి. అక్కడ బిడ్డల మరణాలు కూడా తగ్గాయి.

కథ ఇంతటితో ఆగితే మా ప్రసంగం కూడా ఆగిపోయేది. కాని 2004లో ఆ పరిశోధకులే కొందరు బిడ్డలను రెండేళ్ళ వయసున మళ్ళీ చూశారు. చనిపోవటం, ఎదుగుదల మందగించటం రెండూ కలిపి లెక్కవేస్తే, ఆపరేషను వర్గంలో 100కు 3.1, సహజ వర్గంలో 2.8. అంటే లెక్కించదగిన తేడా లేదు. పుట్టిన రోజున బాధపడిన బిడ్డలలో చాలామంది కోలుకున్నారన్నమాట. 2006లో ఫ్రాన్సు, బెల్జియం దేశాలలోని 174 ఆసుపత్రులలో 8,000 మందికి పైగా తల్లుల లెక్కలు తీశారు. అక్కడ తల్లులను జాగ్రత్తగా ఎంపిక చేసి, చేయి తిరిగిన వైద్యుల సమక్షంలో ప్రసవం చేయిస్తారు. ఆ పద్ధతిలో సహజ వర్గానికి 1.6, ఆపరేషను వర్గానికి 1.45 వచ్చింది. తేడా లేనట్లే.

ఈ రెండింటినీ చదివి మేము మొదట తికమక పడ్డాము. ఒకే కాన్పుకు ఒకచోట 5, మరొకచోట 1.6 ఏమిటి? తీరిక చేసుకుని డాక్టరమ్మగారు విప్పి చెప్పారు. “బిడ్డ ఒక్కటే బాబూ, చేతులు వేరు, చోటు వేరు” అన్నారామె. ఆ ఒక్క మాటలో అంతా ఉన్నది.

ఇంగ్లాండు ప్రసూతి వైద్యుల కళాశాల 2017లో ఇచ్చిన సూచనలలో లెక్క ఇట్లున్నది. 39 వారాలు నిండాక ముందే నిర్ణయించి ఆపరేషను చేస్తే, బిడ్డ ప్రాణాపాయం 2,000కు ఒకటి. ఎదురుకాళ్ళతో సహజ ప్రసవం తలపెడితే 1,000కి 2. తల క్రిందికి ఉన్న మామూలు ప్రసవానికి 1,000కి 1. బిడ్డకు ఆపరేషను కొంత నిరపాయం, నిజమే. అయినా సహజ ప్రసవం పేరు వింటేనే గుండె ఆగవలసిన పని లేదు. ఇంకొక సంగతి కూడా వారే చెప్పారు. సహజంగా కందామని బయలుదేరిన ఎదురుకాళ్ళ తల్లులలో 100కు 40 మందికి నొప్పుల మధ్య అత్యవసరంగా ఆపరేషను చేయవలసి వస్తుంది. తల్లికి అన్నిటికంటె కష్టమైనది అదే. కాబట్టి థియేటరూ, మత్తు డాక్టరూ, రక్తమూ లేనిచోట సహజ ప్రయత్నం అన్నమాటే తలపెట్టరాదు.

సహజ ప్రసవానికి పనికిరాని సందర్భాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. పాదాలు ముందున్నా, బిడ్డ మెడ వెనక్కి వాలి ఉన్నా, బరువు 3.8 కిలోలకు మించేటట్లున్నా, బిడ్డ మరీ సన్నగా ఉన్నా ఆపరేషనే మేలు అంటారు. పిరుదులు ముందుండి, బరువు మితంగా ఉండి, చేయి తిరిగిన వైద్యులు రాత్రింబవళ్ళు అందుబాటులో ఉంటేనే రెండవ దారి గురించి అడగవచ్చు. ఎల్లచోట్లా ఆపరేషనులు పెరిగినకొద్దీ అటువంటి చేతులు తగ్గుతున్నాయి. నేర్చుకునేందుకు కాన్పులు లేనప్పుడు చిన్న డాక్టర్లు నేర్చుకునేది ఎట్లా? ఇది మనం ఒప్పుకోవలసిన వాస్తవం.

ఈ రెండు దారులకు ముందు మూడవది ఒకటి ఉన్నది. మనలో చాలామందికి దాని పేరే తెలియదు. 36, 37 వారాల మధ్య వైద్యులు పొట్టమీద చేతులు ఆన్చి, నెమ్మదిగా నొక్కుతూ బిడ్డను తలక్రిందికి త్రిప్పే ప్రయత్నం చేస్తారు. ముందు స్కానింగ్ చూసి, గర్భసంచి సడలటానికి మందు ఇచ్చి, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ చేస్తారు. సుమారు సగం మందికి ఫలిస్తుంది. తొలిచూలు వారికి 100కు 40, మలిచూలు వారికి 60 అంటారు. తిరిగిన బిడ్డ మళ్ళీ ఎదురు తిరగటం అరుదు. ఆ ప్రయత్నం వల్ల వెంటనే ఆపరేషను అవసరం కావటం 200 మందిలో ఒకరికి. అందుకనే థియేటరు ఉన్న ఆసుపత్రిలో తప్ప చేయరు. కవలలకు, ఉమ్మనీరు పోయినవారికి, మాయ అడ్డంగా ఉన్నవారికి చేయరు. తల్లి రక్తం నెగటివ్ గ్రూపుదైతే ఇంజక్షను అవసరం. ఇదే పని ఇంట్లో నూనె రాసి, పొట్ట తోమి చేయబోవటం మాత్రం ప్రాణంతో చెలగాటం. మాయ ఊడి వచ్చిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయే ప్రమాదం.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాము. ఖుర్దా రోడ్డులో, జట్నీలో ఉన్న మన తెలుగు కుటుంబాలలో సగానికి సగం పుట్టింటి సంబంధాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలవే. సీమంతం కాగానే కోడలు రైలెక్కి పుట్టింటికి వెళుతుంది. లేదా అక్కడి నుండి కూతురు ఇక్కడికి పురిటికి వస్తుంది. ముచ్చట మంచిదే. కాని ఏడు నెలలు ఒక డాక్టరు, చివరి రెండు నెలలు ఇంకొక డాక్టరు. బిడ్డ తల ఎటున్నదో తేల్చవలసిన 36వ వారం సరిగ్గా ఈ ప్రయాణాల నడుమ జారిపోతుంది.

మా పాత క్వార్టర్ల వరుసలో ఒక ఇల్లాలికి అదే జరిగింది. ఇక్కడి కార్డు ఇక్కడే ఉండిపోయింది. అక్కడికి వెళ్ళాక నొప్పులు వచ్చినప్పుడు చూద్దామన్నారు. ఉమ్మనీరు పోయి, పాదం కనబడి, బొడ్డుతాడు జారినాక గాని ఎవ్వరికీ తెలియలేదు. దగ్గరి ఆసుపత్రిలో థియేటరు లేదు. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఒకరిని నిందించటానికి ఇది చెప్పటం లేదు. ఆ తల్లి నేటికీ ఆ మాట ఎత్తదు. ఆమె అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాము.

మా చెల్లెలి తొలిచూలు 2015లో. విజయనగరం నుండి ఎనిమిదవ నెల రాకముందే మా ఇంటికి వచ్చింది. స్కానింగ్ కాగితాలన్నీ మా నాయనగారు ఒక పాత సర్వీసు ఫైలులో కుట్టి పెట్టారు. 36వ వారంలో డాక్టరమ్మగారు పొట్ట తడిమి చూసి అనుమానించారు. స్కానింగ్‌లో ఎదురుకాళ్ళని తేలింది. ఇంట్లో సభ మొదలయింది. మా చెల్లెలి అత్తగారు, “మా ఆడపడుచు ఎదురుకాళ్ళతోనే పుట్టింది. పొలం గట్టునే పుట్టింది. కోత ఎందుకు?” అన్నారు. మా నాయనగారు, “రేపే ఆపరేషను చేయించండి” అన్నారు. మా అమ్మ దేవుని మూలకు పోయి కూర్చున్నది. మా చెల్లెలిని మాత్రం ఎవ్వరూ అడగలేదు. చివరకు తానే, “ముందు త్రిప్పి చూడమనండి, కుదరకపోతే ఆపరేషను” అన్నది.

భువనేశ్వర్ ఇక్కడికి 20 కిలోమీటర్ల లోపే గనుక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాము. త్రిప్పే ప్రయత్నం ఫలించలేదు. ఆపరేషనుకు రోజు నిర్ణయించేటప్పుడు మరొక చిక్కు వచ్చింది. ఊరి నుండి బావగారు ముహూర్తం పెట్టించుకుని ఫోను చేశారు. ఆ ముహూర్తం 37వ వారంలో పడింది. ఉగాది సంచికలో పంచాంగాన్ని తక్కువ చేయటం మా అభిమతం కాదు. కాని 39 వారాలు నిండకుండా నొప్పులు రాని తల్లికి ఆపరేషను చేస్తే, కొందరు బిడ్డలకు ఊపిరి ఆడక ఇబ్బంది వస్తుందని డాక్టరమ్మగారు చెప్పారు. బిడ్డ ఊపిరితిత్తులకు తిథివారాలు తెలియవు. 39వ వారం దాటాక వారు చెప్పిన రోజునే ఆడపిల్ల పుట్టింది. బావగారు ఆ రోజుకే నక్షత్రం చూసి సంతోషించారు.

ఆపరేషనుతో కథ ముగియదన్నది రెండవ పాఠం. ఎట్లా పుట్టినా సరే, ఎదురుకాళ్ళ బిడ్డలకు తుంటి కీలు సరిగా కుదరని లోపం తక్కిన బిడ్డలకంటె ఎక్కువ. ఆరు వారాల వయసున తుంటికి స్కానింగ్ చేయిస్తే ముందుగానే పట్టుబడుతుంది, పట్టీ కట్టి సరిచేస్తారు. అశ్రద్ధ చేస్తే నడక వచ్చాక కుంటు కనబడుతుంది. ఇది చాలామందికి ఎవ్వరూ చెప్పరు. మీరే అడగండి.

తల్లి గర్భసంచి మీద పడిన గాటు కూడా జన్మంతా లెక్కలోకి వస్తుంది. మళ్ళీ గర్భం వచ్చినప్పుడు మాయ ఆ గాటుకు అతుక్కునే భయం ఆపరేషనుల సంఖ్యతో పాటు పెరుగుతుంది. అంతమాత్రాన ఒకసారి ఆపరేషను అయితే ప్రతిసారీ ఆపరేషనే అన్నది అందరికీ వర్తించే నియమం కాదు. బిడ్డ తలక్రిందికి ఉండి, తగిన ఆసుపత్రిలో ప్రయత్నిస్తే, 100కు 72 నుండి 75 మంది మామూలుగా కంటారు. గాటు విడిపోయే అపాయం 200కు ఒకటి. మా చెల్లెలు 2018లో అట్లాగే రెండవ బిడ్డను కన్నది. అయితే థియేటరు ఉన్న ఆసుపత్రిలోనే.

మరొక మాట దాచరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆపరేషను కాన్పులు తెలంగాణలో 100కు 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, మనమున్న ఒడిశాలో 21.6, దేశం మొత్తం మీద 21.5. ఎదురుకాళ్ళు 100కు 3, 4 మాత్రమే గనుక ఇన్ని ఆపరేషనులకు అవి కారణం కానేరవు. కాబట్టి ఆపరేషను అనగానే కారణం అడగటం మన హక్కు. కాని ఎదురుకాళ్ళు అన్న కారణం సాకు అనుకుని, పంతానికి పోయి, బిడ్డను పోగొట్టుకోవటం అంతకంటె పెద్ద నష్టం. అడగటం వేరు, పంతం వేరు.

ఇంతకూ ఇంటివారు చేయవలసినది ఏమిటి? మేము ఆనాడు నల్లబల్ల మీద వ్రాసినదే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాము. ఏ ఊళ్ళో ఉన్నా 36వ వారంలో బిడ్డ తల ఎటున్నదో అడిగి, కార్డు మీద వ్రాయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్ష 2016 నుండి ఉన్నది, వాడుకోండి. ప్రయాణం కట్టేముందు కాగితాలన్నీ కట్టకట్టి తల్లి చేతికే ఇవ్వండి. ఎదురుకాళ్ళని తేలితే నాలుగు ప్రశ్నలు అడగండి. త్రిప్పటానికి వీలున్నదా? పిరుదులు ముందున్నాయా, పాదాలా? ఇటువంటి కాన్పు చేసిన చేయి ఇక్కడ రాత్రిపూట ఉంటుందా? ఆపరేషను అయితే ఏ వారంలో? ఆ జవాబులు విన్నాక తల్లి మాట వినండి.

ఎదురుకాళ్ళని తెలిసిన తల్లికి ఉమ్మనీరు పోతే, నొప్పులు లేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. బొడ్డుతాడు కనబడితే లోపలికి త్రోయరాదు. తల్లిని ఎడమ ప్రక్కకు పడుకోబెట్టి, నడుము క్రింద దిండ్లు పెట్టి, 108ని పిలవాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, ఆపరేషను, రాకపోకల బండి ఉచితమన్న పథకం 2011 నుండి ఉన్నది. ఖర్చుకు జంకి ఇంట్లో కూర్చోవద్దు.

ఆపరేషనుతో కన్న తల్లిని “నొప్పులు తెలియని కాన్పు” అని ఎగతాళి చేయటం, సహజంగా కన్నామెను “అదృష్టం బాగుండి బయటపడింది” అని దెప్పటం, రెండూ మన పంచల దగ్గర విన్నాము. ఈ కొత్త సంవత్సరం నుండి ఆ రెండు మాటలూ మానుకుందాము. బిడ్డ ఏ దారిన వచ్చినా, ముందుగా తెలుసుకుని, తగిన చోట, తగిన చేతులలో రావాలన్నదే మా కోరిక. మన సంఘం మహిళా విభాగంవారు గర్భవతుల పేర్లు వ్రాసుకుని 36వ వారం గుర్తు చేస్తామని ఆనాడే ముందుకు వచ్చారు. ఆ పుస్తకంలో గీతలు గీసి, తేదీలు వేసిపెట్టే గుమాస్తా పని మాకు అప్పగించారు. అది మాకు చేతనైన పని, సంతోషంగా చేస్తున్నాము. మీ ఇంట ఎవరైనా గర్భవతి ఉంటే పేరు ఇవ్వండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.